కౌట్ 18: లివర్‌పూల్ 2010–12 హోమ్ జెర్సీ, వాడి చూశాక

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్‌కి అడిడాస్ చేసిన 2010–12 హోమ్ జెర్సీ, అంటే సొంత మైదానంలో వేసుకునేది. లార్జ్ సైజు. వీపు మీద అప్పటి ఆటగాడు డిర్క్ కౌట్ పేరు, కింద 18 నంబరు. ఇంగ్లండ్‌లో ఎవరో వాడిన పాతది. దీనికి 42 పౌండ్లు పెట్టాను, మన డబ్బుల్లో ఐదు వేలకు కాస్త తక్కువ. ఒకరు తొడిగి విడిచిన చొక్కాకి అంత ఎందుకని ఇంట్లో అడిగారు. ఫుట్‌బాల్ చూసే స్నేహితులూ అడిగారు గానీ వాళ్ళ ప్రశ్న వేరు. ఆ టీములో జెరార్డ్ ఉన్నాడు, సువారెజ్ ఉన్నాడు, పోయి పోయి కౌట్ పేరున్నదే ఎందుకు కొన్నావని. ఇద్దరికీ కలిపి ఇక్కడ చెప్తాను. బట్ట గురించి, సైజు గురించి, ఉతకడం గురించి కూడా చెప్తాను, కొనాలనుకునేవాళ్ళకి అవసరం కాబట్టి. కానీ ఎక్కువ మాట్లాడేది ఆ పేరు గురించే. ఆ పేరు లేకపోతే ఈ జెర్సీకి నేను అందులో సగం కూడా పెట్టేవాణ్ణి కాదు.

పేరు లేని 2010–12 జెర్సీలు తేలిగ్గానే దొరుకుతాయి. పాత జెర్సీలమ్మే సైట్లలో జెరార్డ్ 8 ఎప్పుడు చూసినా ఉంటుంది. టోరెస్ 9 కూడా బాగానే కనిపిస్తుంది. కౌట్ 18 కోసం చాలా నెలలు కాచుకోవాల్సి వచ్చింది. ఒకటి కనిపిస్తే చిన్నపిల్లల సైజు, ఇంకొకటి కనిపిస్తే అక్షరాలు సగం ఊడిపోయినవి. చివరికి ఒక మనిషి సొంతంగా అమ్ముకుంటున్నది దొరికింది. లీడ్స్‌లో ఉన్న మా పెదనాన్న కొడుక్కి ఫోన్ చేసి, "అన్నా, నీ అడ్రసుకి తెప్పిస్తాను, వచ్చేటప్పుడు పట్టుకురా" అన్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చాడు. అమ్మినాయన ఫొటోల్లో చూపించని లోపం ఒకటి బయటపడింది, ఎడమ పక్క అంచు దగ్గర దారం లాగేసి ఉంది. ముందే చెప్పి ఉంటే బేరం ఆడేవాణ్ణి, కొనడం మాత్రం మానేవాణ్ణి కాదు. అందుకే కొనేవాళ్ళకి చెప్తున్నాను, అంచులు, చంకల కుట్లు, కాలర్ లోపలి వైపు, ఈ మూడింటి ఫొటోలు అడిగి తెప్పించుకున్నాకే డబ్బు పంపండి.

ముందు బట్ట సంగతి. పూర్తిగా పాలిస్టరే గానీ ఇప్పటి టైటు జెర్సీల్లా ఒంటికి అతుక్కోదు. అప్పటి అభిమానుల జెర్సీ కొలతలు కాస్త వదులుగానే ఉండేవి. నేను మామూలు షర్టుల్లో 42 సైజు వేస్తాను, ఈ లార్జ్ నాకు భుజాల దగ్గర సరిగ్గా ఉండి, నడుము దగ్గర గాలి ఆడేంత వదులుంది. పొట్ట ఉన్నవాళ్ళు కూడా భయపడకుండా వేసుకోవచ్చు. ఆదివారం పొద్దున కొండాపూర్ టర్ఫ్ మీద దీన్ని వేసుకునే ఆడుతున్నాను. మార్చి నెల ఎండలో కూడా చెమట పట్టాక బరువెక్కలేదు, ఆట అయిపోయి టీ తాగేలోపు సగం ఆరిపోయింది. ఎరుపు ఇంకా ఎరుపుగానే ఉంది, వెలిసి నారింజలోకి దిగలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇలా ఉందంటే తయారీకి నా నుంచి పూర్తి మార్కులు.

ఛాతీ మీద స్పాన్సర్ బ్యాంకు స్టాండర్డ్ చార్టర్డ్ అక్షరాలు తెలుపు. దగ్గర్నుంచి చూస్తే సన్నని పగుళ్ళు కనిపిస్తాయి, ఆ వయసు జెర్సీకి అది మామూలే. నాకు అన్నిటికన్నా నచ్చింది క్లబ్ గుర్తు. లివర్‌పూల్ నగరానికి గుర్తయిన లివర్ పక్షి, పైన పాత కోచ్ షాంక్లీ పేరుతో మైదానం దగ్గర కట్టిన గేట్లు, అటూ ఇటూ రెండు జ్వాలలు. 1989లో హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో చనిపోయిన అభిమానుల జ్ఞాపకంగా పెట్టుకున్న జ్వాలలవి. 2012లో జెర్సీల తయారీ వారియర్ కంపెనీకి వెళ్ళినప్పుడు ముందువైపు పక్షి ఒక్కటే మిగిలింది, జ్వాలల్ని మెడ వెనక్కి మార్చారు. అంటే ఈ గుర్తు నిండుగా గుండె మీద ఉన్న చివరి హోమ్ జెర్సీ ఇదే. పాత జెర్సీలు దాచుకునేవాళ్ళకి ఇదొక్కటి చాలు కొనడానికి.

నేను కొనడానికి కారణం వేరు. అడిడాస్ రెండోసారి లివర్‌పూల్ జెర్సీలు చేయడం మొదలుపెట్టింది 2006లో, వదిలేసింది 2012లో. డిర్క్ కౌట్ లివర్‌పూల్‌కి వచ్చింది 2006 ఆగస్టులో, వెళ్ళిపోయింది 2012 జూన్‌లో. ఆ ఆరేళ్ళలో ఆ మూడు గీతల జెర్సీ వేసుకుని 285 మ్యాచ్‌లు ఆడాడు, 71 గోల్స్ కొట్టాడు. ఇంకో కంపెనీ జెర్సీలో లివర్‌పూల్ కౌట్ లేనే లేడు.

మీలో చాలామందికి కౌట్ ఎవరో గుర్తుండకపోవచ్చు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. నెదర్లాండ్స్‌లో సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికిన ఊరు కాట్‌వైక్. అక్కడి జాలరి కొడుకు. ఫెయెనూర్డ్‌కి ఆడుతూ 2004–05లో డచ్ లీగ్‌లో 29 గోల్స్‌తో అందరికన్నా పైన నిలిచాడు. అంత లెక్క చూసి లివర్‌పూల్ అభిమానులు ఒక గోల్ మెషీన్ వస్తోందనుకున్నారు. వచ్చింది వేరే మనిషి. తొలి స్పర్శలోనే బంతి రెండు గజాలు దూరం పోయేది. వేగం లేదు. ఒక డిఫెండర్‌ని డ్రిబుల్ చేసి దాటడం చాలా అరుదు. క్రాస్ వేస్తే చాలాసార్లు ఎదురుగా ఉన్న మొదటి కాలికే తగిలేది. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను, కౌట్‌ని ఇష్టపడే ప్రతి ఒక్కరూ ఒప్పుకుంటారు. రెండేళ్ళు తిరక్కుండానే కోచ్ రఫా బెనితెజ్ అతన్ని మధ్యలో స్ట్రైకర్ స్థానం నుంచి తీసి కుడి పక్కకి పంపాడు. కొత్త స్ట్రైకర్‌గా టోరెస్ వచ్చాడు కదా మరి. డచ్ లీగ్ టాప్ స్కోరర్‌ని పక్కకి జరిపితే మొహం మాడ్చుకోవాలి, ఏజెంట్ చేత పత్రికలకి చెప్పించాలి. కౌట్ అవేవీ చెయ్యలేదు. కుడి పక్కకి వెళ్ళి, పైకి పరిగెత్తి, కిందికి పరిగెత్తి, తన వెనకున్న ఫుల్‌బ్యాక్ (పక్క డిఫెండర్) పని కూడా సగం తనే చేసేవాడు.

నేను ఫుట్‌బాల్ నేర్చుకున్నది అనంతపురంలో, ఆర్డీటీ సంస్థ గ్రౌండ్‌లో. నేనూ ఫార్వర్డ్‌నే, నాకూ పెద్ద నైపుణ్యం లేదు. మా కోచ్ సార్ ఒకటే చెప్పేవారు, బంతి పోగానే చేతులు నడుము మీద పెట్టుకునేవాడు నా టీములో ఉండడు అని. అందుకే టీవీలో కౌట్‌ని చూడటం నాకు వేరేగా ఉండేది. కెమెరా బంతి వెంట పోతుంది, నేను 18 నంబరు వెంట పోయేవాణ్ణి. బంతి పోగొట్టుకున్న మరుక్షణం వెనక్కి తిరిగి పరిగెత్తేది అతనే. పోగొట్టింది కూడా చాలాసార్లు అతనే అనుకోండి. ఒళ్ళు దాచుకోవడం తెలియని మనిషి. అలాంటివాణ్ణి ఏ ఊళ్ళో ఆడినవాడైనా గుర్తుపడతాడు.

పెద్ద మ్యాచ్‌ల్లో మాత్రం అతని లెక్క వేరు. 2007 మే 1న ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో చెల్సీ మీద పెనాల్టీ షూటౌట్ గెలిపించిన చివరి పెనాల్టీ కౌట్‌దే. మనకి అర్ధరాత్రి దాటాక మొదలైన మ్యాచ్ అది, అయ్యేసరికి కోడి కూసే వేళ దగ్గరపడింది. ఆ నెలలోనే ఏథెన్స్ ఫైనల్లో మిలాన్ చేతిలో 2–1తో ఓడినప్పుడు లివర్‌పూల్ కొట్టిన ఒక్క గోల్ అతనిదే. 2007 అక్టోబరులో అదే ఊరి ప్రత్యర్థి ఎవర్టన్ మీద, వాళ్ళ గుడిసన్ మైదానంలో రెండు పెనాల్టీలు, రెండోది ఆట చివరి క్షణాల్లో. 2008లో ఇంటర్ మిలాన్ మీద, ఆర్సెనల్ మీద, చెల్సీ మీద ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ గోల్స్. మామూలు శనివారం సాయంత్రం చిన్న జట్టు మీద తడబడేవాడు గానీ, గుండెలు దడదడలాడే రాత్రి వస్తే కౌట్ ఎక్కడో గోల్ దగ్గర కనిపించేవాడు.

ఇక 2011 మార్చి 6. ఈ జెర్సీ సీజన్‌దే. ఐదు వారాల ముందు టోరెస్ 50 మిలియన్ పౌండ్లకి చెల్సీకి వెళ్ళిపోయాడు. అభిమానులు కొందరు 9 నంబరు జెర్సీలు తగలబెట్టారు. అలాంటి సమయంలో లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌కి మాంచెస్టర్ యునైటెడ్ వచ్చింది. కౌట్ మూడు గోల్స్ కొట్టాడు, 3–1. మొదటిది సువారెజ్ డిఫెండర్లని ఒక్కొక్కరినీ దాటించి తెచ్చి గీత మీద పెట్టిన బంతి, కౌట్ లోపలికి నెట్టాడు. రెండోది యునైటెడ్ ఆటగాడు నానీ పొరపాటున సొంత గోల్ వైపే తలతో కొట్టిన బంతి, కౌట్ అక్కడున్నాడు. మూడోది సువారెజ్ ఫ్రీకిక్‌ని యునైటెడ్ గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ చేతుల్లోంచి జార్చాడు, కౌట్ అక్కడా ఉన్నాడు. మూడూ గోల్ గీతకి అతి దగ్గర్నుంచి కొట్టినవే. 1990లో పీటర్ బియర్డ్‌స్లీ తర్వాత యునైటెడ్ మీద లివర్‌పూల్ ఆటగాడి మొదటి హ్యాట్రిక్ అది. "వాడేం చేశాడు, నిలబడ్డాడంతే" అని మా రూమ్‌లో ఒకడన్నాడు. సరిగ్గా అక్కడే నిలబడటానికి ఎంత దూరం పరిగెత్తి వచ్చాడో రీప్లేలో చూడండి. బంతి గోల్‌కీపర్ చేతుల్లో పడేలోపే అతను పరుగు మొదలుపెట్టాడు. కీపర్లు పదిసార్లలో తొమ్మిదిసార్లు బంతిని జార్చరు. ఆ తొమ్మిదిసార్లూ కౌట్ ఆ పరుగు పరిగెత్తి ఉత్త కాళ్ళతో వెనక్కొచ్చినవాడే, అవి ఏ హైలైట్స్‌లోనూ కనపడవు.

అదే ఏప్రిల్‌లో ఆర్సెనల్ మీద 98వ నిమిషంలో వాన్ పెర్సీ పెనాల్టీతో అంతా అయిపోయిందనుకున్నాం. నలుగురం టీవీ కట్టేయబోతుంటే 102వ నిమిషంలో పెనాల్టీ వచ్చింది, కౌట్ కొట్టాడు, 1–1. ఆ వసంతంలో వరసగా ఐదు లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ కొట్టాడు. లీగ్‌లో 13 గోల్స్‌తో ఆ ఏడాది లివర్‌పూల్ టాప్ స్కోరర్ కూడా అతనే. నైపుణ్యం లేదని అందరూ అనే మనిషి!

మరుసటి ఏడాది కథ మారింది. అప్పటి కోచ్ కెన్నీ డాల్‌గ్లిష్ అతన్ని చాలాసార్లు బెంచీ మీద కూర్చోబెట్టాడు. లీగ్‌లో రెండే గోల్స్. అయినా 2012 జనవరిలో ఎఫ్ఏ కప్పులో యునైటెడ్ మీద 88వ నిమిషంలో గెలుపు గోల్ ఎవరిదంటే కౌట్‌దే. ఫిబ్రవరి 26న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో కార్డిఫ్‌తో లీగ్ కప్ ఫైనల్, 108వ నిమిషంలో గోల్, మళ్ళీ షూటౌట్‌లో ఇంకో పెనాల్టీ. లివర్‌పూల్‌తో ఆరేళ్ళలో అతను గెలిచిన కప్పు అదొక్కటే. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి గెలిపించుకున్నాడు.

జూన్ మొదట్లో వార్త వచ్చింది. కౌట్ ఇస్తాంబుల్‌కి, ఫెనర్‌బాచెకి వెళ్తున్నాడు, ధర దాదాపు ఒక మిలియన్ పౌండ్లు. అంతకు రెండు వారాల ముందే డాల్‌గ్లిష్‌ని తీసేశారు, కొత్త కోచ్ బ్రెండన్ రోజర్స్ వచ్చి నాలుగు రోజులు కూడా కాలేదు. అప్పుడు నేను ఎస్ఆర్ నగర్‌లో రూమ్‌లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. నలుగురం ఉండేవాళ్ళం, ముగ్గురం లివర్‌పూల్, ఒకడు చెల్సీ.

కర్నూలువాడు ముందే తేల్చేశాడు. "పోతే పోనీరా. ముప్పై రెండేళ్ళు రాబోతున్నాయి. ఫస్ట్ టచ్ చూశావా, బంతి కాలికి తగిలితే గోడకి తగిలినట్టే. కొత్త కోచ్‌కి పాసింగ్ వచ్చినవాళ్ళు కావాలి."

విజయవాడవాడికి కోపం వచ్చింది, అయితే కౌట్ పోతున్నందుకు కాదు, ధరకి. "మిలియనా? వెంబ్లీలో కప్పు తెచ్చినోడికి మిలియనా? టోరెస్‌కి యాభై, వీడికి ఒకటా?"

"ధర గోల్స్‌ని బట్టి కాదురా, వయసుని బట్టి."

"మరి పరుగుకి ధర లేదా?"

చెల్సీవాడు అన్నమాట మాత్రం మా ముగ్గురినీ ఆపేసింది. "మా వాళ్ళకి మీ టోరెస్ అంటే భయం లేదు గానీ, సెమీఫైనల్లో కౌట్ వస్తున్నాడంటే మాత్రం టెన్షన్ ఉండేది." ఎదుటి టీము అభిమాని నోటివెంట ఆ మాట రావడం నాకు ఏ అవార్డుకన్నా పెద్దగా అనిపించింది.

వెళ్ళిపోతున్నప్పుడు కౌట్ జెర్సీని ఎవరూ తగలబెట్టలేదు. ఏడ్చి గోల చేసినవాళ్ళూ లేరు. ఆరేళ్ళు అతన్ని తిట్టినవాళ్ళు కూడా ఒక మంచి మాట చెప్పి పంపారు. నాకు అప్పుడే కొంచెం బాధేసింది, ఇప్పటికీ వేస్తుంది. మంచి మాట చెప్పడానికి మనిషి వెళ్ళిపోయేదాకా ఎందుకు ఆగాలి? అతను ఆడుతున్నప్పుడు దుకాణంలో జెర్సీ కొన్నవాడు ఎనిమిదో తొమ్మిదో అచ్చేయించుకున్నాడు, పద్దెనిమిది అడిగినవాళ్ళు చాలా కొద్దిమంది. ఇన్నేళ్ళ తర్వాత నేను నెలలకొద్దీ వెతుక్కోవాల్సి వచ్చింది అందుకే.

కర్నూలువాడు చెప్పింది తప్పని నేను అనను. 2012లో కౌట్‌ని మార్చాల్సిన సమయం వచ్చింది, నిజమే. లీగ్‌లో ఎనిమిదో స్థానంలో వచ్చిన టీము అది, ఏదో ఒకటి మార్చాలి. కానీ మార్చాల్సినవాడే వెళ్ళాక వెలితిగా ఉండేవాడూ అవుతాడు, ఈ రెండూ ఒకే మనిషి విషయంలో నిజం కావచ్చు. మరుసటి ఏడాది లివర్‌పూల్ మెరుగ్గా పాస్ చేసింది, ఏడో స్థానంలో వచ్చింది. పాసులు పెరిగాయి, బంతి పోయినప్పుడు కుడి పక్కన ప్రాణం పెట్టి పరిగెత్తేవాడు కనపడలేదు. 2015లో కోచ్‌గా క్లాప్ వచ్చాక, ఫార్వర్డ్‌లే మొదటి డిఫెండర్లు అని ప్రపంచమంతా మాట్లాడటం మొదలైంది. క్లాప్ టీములో ఫార్వర్డ్ ఫిర్మినో చేసినప్పుడు దానికి పేరొచ్చింది, రావాల్సిందే, ఫిర్మినో కాళ్ళలో కళ కూడా ఉంది. కౌట్ ఆ పని చేసిన రోజుల్లో మాత్రం "పాపం, కష్టపడతాడు" అనేవారు. ఆ "పాపం" అన్న మాట నాకు నచ్చదు. కష్టపడటం ఆటలో భాగమే. పాస్ ఎలా ఒక విద్యో, ఏ క్షణంలో ఎటు పరిగెత్తాలో తెలియడం కూడా అలాంటి విద్యే.

వెళ్ళాక ఏం చేశాడో కూడా చెప్పాలి. ఫెనర్‌బాచెతో 2014లో టర్కీ లీగ్ గెలిచాడు. అదే ఏడు బ్రెజిల్ ప్రపంచ కప్పులో మెక్సికో మీద తన వందో అంతర్జాతీయ మ్యాచ్ ఆడాడు, ఒకే మ్యాచ్‌లో ఎడమ బ్యాక్, కుడి బ్యాక్, చివర్లో ఫార్వర్డ్! తర్వాత ఫెయెనూర్డ్‌కి తిరిగి వెళ్ళాడు. 2017 మే 14, సీజన్ చివరి రోజు, 36 ఏళ్ళ కెప్టెన్. హెరాక్లెస్ మీద మొదటి నిమిషంలోనే గోల్, చివరికి హ్యాట్రిక్, 3–1, పద్దెనిమిదేళ్ళ తర్వాత ఫెయెనూర్డ్‌కి లీగ్ టైటిల్. మూడు రోజులకి రిటైరయ్యాడు. ఆ వీడియో చూసి కర్నూలువాడు నాకు ఫోన్ చేశాడు, ఇప్పుడు బెంగళూరులో ఉంటాడు. చాలాసేపు కౌట్ గురించే మాట్లాడాడు.

మళ్ళీ జెర్సీ దగ్గరికి వస్తాను. అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి నాకు తెలిసినవి చెప్తాను. లోపల చిన్న లేబుల్ మీద ప్రొడక్ట్ కోడ్ ఉంటుంది, దాన్ని నెట్‌లో వెతికితే ఇదే జెర్సీ రావాలి. వేరే టీముదో వేరే ఏడాదిదో వచ్చిందంటే వదిలేయండి. వీపు మీద అక్షరాల ఆకారం చూడండి. ప్రీమియర్ లీగ్‌లో 2007 నుంచి 2017 దాకా అన్ని టీములకీ ఒకే రకం అక్షరాలు వాడారు, నంబరు అడుగున చిన్నగా లీగ్ గుర్తు కూడా ఉంటుంది. నా దాని మీద అక్షరాలు వేలితో తడిమితే మఖమల్ గుడ్డలా మెత్తగా తగులుతాయి. నకిలీల మీద నేను చూసినవన్నీ నున్నగా, ప్లాస్టిక్‌లా ఉన్నాయి. ఇంకో జాగ్రత్త, పేరు లేని అసలు జెర్సీ కొని కొత్తగా కౌట్ అచ్చేసి అమ్మేవాళ్ళున్నారు. అది మోసమని అనను, ముందే చెప్పి తక్కువకి ఇస్తే మంచిదే. చెప్పకుండా పాత అచ్చు ధర అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు. బట్ట వయసూ అక్షరాల వయసూ కలుస్తున్నాయా అన్నది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ముందువైపు స్పాన్సర్ అక్షరాలకి పగుళ్ళుండి, వెనకాల పేరు తళతళలాడుతుంటే అడగండి.

ఉతకడం గురించి గట్టిగా చెప్తున్నాను. తిరగేసి, చల్లటి నీళ్ళలో, చేత్తో. బకెట్‌లో సర్ఫ్ వేసి రాత్రంతా నానబెట్టొద్దు. బ్రష్ పెట్టొద్దు. పిండకుండా నీళ్ళు కార్చి నీడలో ఆరేయండి. ఇస్త్రీ బండికి మాత్రం పొరపాటున కూడా ఇవ్వకండి, ఆ బొగ్గు ఇస్త్రీ పెట్టె ఒక్కసారి తగిలితే స్పాన్సరు, పేరు, నంబరు అన్నీ ఒకేసారి పోతాయి. మా ఇంట్లో బట్టల మూటలోంచి దీన్ని తీసి పక్కన పెట్టే పని మా ఆవిడే పెట్టుకుంది, నేను అడక్కుండానే.

ధర విషయంలో నా మాట. పేరు లేని జెర్సీకి రెండు వేల ఐదొందల నుంచి మూడు వేలు సరైన ధర. కౌట్ 18 పాత అచ్చుతో, మంచి స్థితిలో ఉంటే ఐదు వేల దాకా పెట్టొచ్చు. అంతకు మించితే ఆగండి, ఇంకొకటి వస్తుంది. రోజూ ఆడటానికి మాత్రమే కావాలంటే ఇది వద్దు, ఏ కొత్త జెర్సీ కొన్నా అంతకన్నా తేలిగ్గా ఉంటుంది, చిరిగితే బాధ ఉండదు. గోడకి ఫ్రేమ్ కట్టి పెట్టుకుంటామనేవాళ్ళకి కూడా నేను వద్దనే చెప్తాను. కౌట్ పేరున్న జెర్సీ గోడకి వేలాడితే ఏం బాగుంటుంది? దీన్ని వేసుకుని ఆడాలి, చెమటతో తడపాలి. దారం లాగిన అంచు దగ్గర మా వీధి టైలర్ చేత రెండు కుట్లు వేయించాను, ఇప్పుడు లాగినా కదలడం లేదు.

నా రేటింగ్: బట్టకి నాలుగు, సైజుకి నాలుగు, అక్షరాలకి ఐదు, అమ్మినాయన ఫొటోలకి రెండు. మొత్తమ్మీద ఐదుకి నాలుగున్నర.

మీడియం సైజులో కౌట్ 18 ఎక్కడైనా కనిపిస్తే నాకు చెప్పండి, మా తమ్ముడు అడుగుతున్నాడు. 2010–12దే కానక్కర్లేదు, స్పాన్సర్‌గా కార్ల్స్‌బర్గ్ ఉన్న 2008–10ది అయినా తీసుకుంటాడు.